ఆసుపత్రి గుమ్మంలో తుపాకీ ఎవరి మాట వినాలి?

అండమాన్ రాజధానికి ఒక వంతెన దూరంలో ఉన్న చాతం దీవి పేరు చెప్పగానే సందర్శకులకు స్ఫురించేది 1883లో నెలకొల్పిన కలప కోత మిల్లు. ఆ మిల్లుకు పాతికేళ్ల ముందు అదే ఒడ్డున జరిగిన ఒక ప్రయోగం నేటి దేశ పాలకులకు ఎక్కువ ఉపకరిస్తుంది. 1858 మార్చి 10న దాదాపు 200 మంది ఖైదీలతో ఓడ చాతం చేరింది. వారిపై కాపలాకు నౌకాదళానికి చెందిన సుమారు 50 మంది సాయుధులు వెంట వచ్చారు. ఆ మొత్తానికి అధిపతి సేనాని కాడు, వైద్యుడు. ఆగ్రా కారాగారాన్ని నడిపిన అనుభవమున్న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్‌కు ఆంగ్ల ప్రభుత్వం ఆ పదవి కట్టబెట్టింది. రోగికి మందు, పారిపోయినవాడికి ఉరి అనే రెండు అధికారాలూ ఒక్క చేతిలోనే చేరాయి.

ఫలితం తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. కొద్ది నెలలలోనే, తప్పించుకొని పట్టుబడిన 80 మందికి పైగా ఖైదీలను వాకర్ ఉరి తీయించాడు. పారిపోయినందుకే ఉరి వేయరాదని కలకత్తాలోని ప్రభుత్వం సైతం ఆక్షేపించవలసి వచ్చింది. 1859లో ఆయన స్థానంలో వేరొకరు వచ్చారు. స్తెతస్కోపు పట్టవలసిన చేతికి తుపాకుల పెత్తనం కూడా ఇస్తే వైద్యం వెనుకబడి శిక్ష ముందుకు వస్తుందని చాతం చెప్పిన తొలి పాఠం అది. ఆసుపత్రుల భద్రతకు సాయుధులు కావాలని దేశమంతటా కోరుతున్న ఈ రోజులలో ఆ దీవి చరిత్రను తిరగేసేవారు కనబడరు.

రెండవ పాఠం 1872 నాటిది. ఆ ఏడాది ఫిబ్రవరి 8న గవర్నర్ జనరల్ లార్డ్ మేయో అండమాన్ స్థావరాన్ని తనిఖీ చేయడానికి వచ్చాడు. ఖైదీల స్థావరం కావడంతో కట్టుదిట్టమైన ఏర్పాట్లు చేశారు. రాస్, వైపర్ దీవులు, చాతం చూడడం పూర్తయ్యాక ఇంకా కొంత వెలుతురు మిగిలింది. కార్యక్రమంలో లేకున్నా ఎదురుగా ఉన్న మౌంట్ హేరియట్ కొండ ఎక్కాలని ఆయన ముచ్చట పడ్డాడు. రోగుల స్వస్థతకు అక్కడ ఆరోగ్య కేంద్రం కట్టవచ్చునా అని చూడడం ఆ ప్రయాణంలోని ఉద్దేశం. (2021లో ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు.) దిగి వచ్చేసరికి చీకటి పడింది. హోప్‌టౌన్ రేవులో కాగడాలు వెలుగుతున్నాయి, సాయుధులు ఇరువైపులా నడుస్తున్నారు. స్థావరాధిపతి జనరల్ స్టూవర్ట్ మరునాటి ఏర్పాట్ల గురించి ఏదో ఆజ్ఞ ఇవ్వడానికి ఒక్క క్షణం పక్కకు తొలగాడు. మేయో పడవ వైపు నాలుగడుగులు ముందుకు వేశాడు. మాటువేసి ఉన్న షేర్ అలీ అనే ఖైదీ వెనుకనుంచి దూకి కత్తితో పొడిచాడు. సత్ప్రవర్తన కలవాడని నమ్మి క్షురక వృత్తి చేసుకోనిచ్చిన మనిషి అతడు. మార్చి 11న వైపర్ దీవిలో అతనిని ఉరి తీశారు.

ఆ సాయంత్రం అక్కడ ఆయుధాల కొరత లేదు, మనుషుల కొరతా లేదు. కొరవడినది ఒక్కటే: ఆ పదిమంది తుపాకులనూ కనిపెట్టి ఉండడం తప్ప వేరే పని లేని ఒక పర్యవేక్షకుడు. రేపటి ఏర్పాట్లూ, నేటి కాపలా రెండూ చూడవలసిన వ్యక్తి ఉన్నచోట కాపలా అనేది పేరుకే మిగులుతుంది. నూటయాభై ఏళ్ల తరువాత మన ఆసుపత్రులలో జరుగుతున్నది ఇంచుమించు ఇదే.

2024 ఆగస్టు 9న కలకత్తాలోని ఆర్జీ కర్ వైద్య కళాశాలలో విధి నిర్వహణలో ఉన్న యువ వైద్యురాలిపై జరిగిన ఘోరం దేశాన్ని కుదిపివేసింది. ఆ కేసులో 2025 జనవరిలో యావజ్జీవ శిక్ష పడిన వ్యక్తి పోలీసు శాఖకు పనిచేసే సివిక్ వాలంటీరు. బయటినుంచి గోడ దూకి వచ్చిన దొంగ కాడు, భద్రతా వ్యవస్థ ముసుగులోనే ఆసుపత్రిలో స్వేచ్ఛగా తిరిగినవాడు. అతడు ఎప్పుడు వచ్చాడు, ఎక్కడికి వెళ్లాడు, ఎందుకు వెళ్లాడు అని అడిగే బాధ్యత ఎవరికీ లేదు. సరిగ్గా వారం తిరగకముందే, ఆగస్టు 14 అర్ధరాత్రి, అదే ఆసుపత్రిపై మూక పడి విధ్వంసం చేసింది. పోలీసులు ఉన్నారు, అయినా ఆపలేకపోయారు. సర్వోన్నత న్యాయస్థానం స్వయంగా కల్పించుకొని కేంద్ర పారిశ్రామిక భద్రతా దళాన్ని దించవలసి వచ్చింది. దళం వచ్చిన తరువాతైనా గొడవ సద్దుమణిగిందా? జవాన్లకు వసతి, రవాణా, సామగ్రి ఇవ్వడం లేదని కేంద్రం, రాష్ట్రం మళ్లీ కోర్టుకెక్కాయి. మూడు కంపెనీలకు నివాసం చూపించండని సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తుపాకీ ఒక ప్రభుత్వానిది, గుమ్మం మరొక ప్రభుత్వానిది అయినప్పుడు ఆజ్ఞ ఎవరిదన్న ప్రశ్నకు జవాబు న్యాయమూర్తులు చెప్పవలసి రావడం శోచనీయం.

కేరళలో 2023 మే 10న జరిగినది ఇంకా విషాదకరం. కొట్టారక్కర తాలూకా ఆసుపత్రికి గాయాలతో ఒక వ్యక్తిని పోలీసులే తీసుకువచ్చారు. కట్టు కట్టే గదిలో అతని చేతికి కత్తెర చిక్కింది. 23 ఏళ్ల డాక్టర్ వందనాదాస్ కత్తిపోట్లకు బలైంది. పోలీసులు వెంట లేని చోట జరిగిన ఘటన కాదది. వారు ఎక్కడ నిలబడాలి, గదిలోకి వచ్చిన మనిషిని ఎంత దూరంలో ఉంచాలి, అతడు ఉన్మాదంతో ఊగిపోతే మొదటి అడుగు ఎవరు వేయాలి అన్నది ముందుగా నిర్ణయించి చెప్పినవాడు లేడు. సంకెళ్ల విషయంలో 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు విధించిన పరిమితులు సబబైనవే. అయితే సంకెల వేయకూడదన్నంత మాత్రాన కాపు కాయకూడదని అర్థం కాదు. ఆ ఘటన తరువాత కేరళ ప్రభుత్వం హడావుడిగా శిక్షలు పెంచుతూ ఆర్డినెన్సు తెచ్చింది. శిక్ష నేరం జరిగాక పనిచేస్తుంది. కట్టు కట్టే గదిలో పనికివచ్చేది ముందుచూపు ఉన్న పర్యవేక్షణ.

ఖైదీలను ఆసుపత్రికి తీసుకువచ్చే సమయమే అన్నిటికన్నా ప్రమాదకరమైనదని వేరే ఉదాహరణలూ చాటుతున్నాయి. 2018 ఫిబ్రవరి 6న శ్రీనగర్‌లోని ఎస్ఎంహెచ్ఎస్ ఆసుపత్రికి వైద్య పరీక్షలకై తెచ్చిన లష్కర్ ఉగ్రవాది నవీద్ జట్‌ను సహచరులు కాల్పులు జరిపి తప్పించారు. ఇద్దరు పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. 2023 ఏప్రిల్ 15న ప్రయాగ్‌రాజ్‌లో ఆసుపత్రి ఆవరణలోనే అతీక్ అహ్మద్, అతని సోదరుడు పోలీసుల కళ్లెదుట హతులయ్యారు. విలేకరుల వేషంలో వచ్చినవారు కెమెరాల మధ్యనుంచి కాల్చారు. చుట్టూ సాయుధులు మూగినా రక్షణ వలయం లేకుండా పోయింది. గుంపు వేరు, దళం వేరు. గుంపును దళంగా మార్చేది పర్యవేక్షకుడే.

ఆయుధం ఉంటే చాలునన్న భ్రమ మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో 2000 నుంచి 2011 వరకు ఆసుపత్రులలో జరిగిన 154 కాల్పుల ఘటనలను జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు పరిశీలించారు. అత్యవసర విభాగాలలో జరిగిన కాల్పులలో 23 శాతం సందర్భాలలో దుండగుడు వాడినది కాపలాదారు నడుమునుంచి లాక్కున్న తుపాకీయే. 2015 ఆగస్టులో హ్యూస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో మానసిక అస్వస్థతతో చేరిన యువ విద్యార్థిని, అతని గదిలోనే, భద్రతకు నియమించిన పోలీసు అధికారి కాల్చాడు. అతడు బతికి బయటపడ్డాడు. వైద్యం కోసం వచ్చినవాడికి తూటా దిగడం ఏ వైద్య శాస్త్రంలోనూ లేదు. మన వద్ద ఇంత ఘోరం కాకున్నా వింతలకు లోటు లేదు. 2017 జూన్‌లో లక్నోలోని లోహియా సంస్థలో ఒక రాష్ట్ర మంత్రి అంగరక్షకుడు పిస్టలుతో ఎంఆర్ఐ గదిలోకి వెళితే యంత్రంలోని అయస్కాంతం దానిని గుంజుకుంది. మంత్రికి కాపలా కాస్తున్న మనిషికి ఆ గది సంగతి చెప్పినవాడు లేడు.

చట్టం ఈ విషయమై మౌనంగా లేదు. ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం కాపలాదారుకు 100 గంటల తరగతి పాఠాలు, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలి. ఒక పర్యవేక్షకుడి కింద 15 మందికి మించి ఉండరాదు. వేర్వేరు ప్రాంగణాలలో ఉంటే కనీసం ప్రతి ఆరుగురికి ఒకరు చూడాలి. కాగితంపై ఇది చక్కని లెక్క. కానీ ఆసుపత్రి అన్నది బ్యాంకు కాదు, గోదాము కాదు. బ్యాంకు గుమ్మంలో తుపాకీతో నిలబడిన మాజీ సైనికుడికి ఒకే తలుపు, ఒకే పెట్టె, సాయంత్రానికి తాళం. ఆసుపత్రికి తాళం లేదు. అర్ధరాత్రి మృతదేహం పక్కన గుండెలు బాదుకునే బంధువు, మత్తులో ఊగే క్షతగాత్రుడు, ప్రసవవేదనతో వచ్చిన తల్లి ఒకే వరండాలో ఉంటారు. అక్కడ గొంతు పెంచినవాడల్లా శత్రువు కాడు. ఈ తేడా తెలియని చేతికి తుపాకీ ఇచ్చి, తెలిసినవాడిని పర్యవేక్షకుడిగా పెట్టకపోవడం చట్టం లెక్కను పాటించినా ఒరగబెట్టేది లేదు.

తెలుగునాట కూడా చట్టానికి కొదవ లేదు. వైద్య సిబ్బంది, సంస్థలపై దాడుల నివారణకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే చట్టం చేసింది. మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా అందులో ఉన్నాయి. అయినా 2020 జూన్‌లో కరోనా విధులలో ఉన్న గాంధీ ఆసుపత్రి జూనియర్ వైద్యులపై మృతుని బంధువులు చేయి చేసుకున్నారు. వైద్యులు రాత్రికి రాత్రి రోడ్డుపై బైఠాయించారు. 2024 సెప్టెంబరులో మళ్లీ అక్కడే ఒక వైద్యురాలిపై దాడి జరిగింది. ప్రతిసారీ వినిపించే కోరిక అదనపు బలగాలు. ఆ బలగాలపై అజమాయిషీ ఎవరిదన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ తన ఆసుపత్రులలో భద్రతా సిబ్బందిని 25 శాతం పెంచుకోవడానికి అనుమతించింది. దాడి జరిగిన ఆరు గంటలలోగా ఫిర్యాదు నమోదు చేయించే బాధ్యత సంస్థ అధిపతిపై పెట్టింది. రెండూ మంచివే. అయితే ఆరు గంటల తరువాత ఎవరు ఏం చేయాలో చెప్పిన సర్కారు, ఆరు నిమిషాల ముందు ఎవరు ఏం చేయాలో చెప్పలేదు.

చెప్పవలసినది కష్టమైనదేమీ కాదు. ఆయుధం ప్రాకారం దగ్గర, ప్రధాన ద్వారం దగ్గర ఉండాలి. వార్డులోకి, శస్త్రచికిత్స గదిలోకి, స్కానింగు గదిలోకి రాకూడదు. ఎక్కడిదాకా రావచ్చో గీత గీసేది వైద్యుడు. ఆ గీత లోపల ఏ ఆజ్ఞ ఇవ్వాలో నిర్ణయించేది పర్యవేక్షకుడు. తూటా పేల్చమనే అధికారం వైద్యుడికి ఉండరాదు. ఫలానా రోగిని పరీక్షించవద్దనే అధికారం పర్యవేక్షకుడికి ఉండరాదు. పూట మారేటప్పుడు ఎన్ని తుపాకులు, ఎన్ని తూటాలు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారాయో రిజిస్టరులో సంతకాలు పడాలి. ఖైదీ వస్తున్నాడంటే ముందుగానే కబురు రావాలి, వేరే దారి ఉండాలి. అత్యవసర విభాగం గోడపై ఆ పూట పర్యవేక్షకుడి పేరు, ఫోను నంబరు రాసి ఉండాలి. రాత్రి రెండు గంటలకు నర్సు పరుగెత్తవలసి వస్తే ఎవరి దగ్గరికి పరుగెత్తాలో ఆమెకు తెలియాలి. 2008 నవంబరు 26 రాత్రి బొంబాయి కామా ఆసుపత్రిలో ఉగ్రవాదులు ఇద్దరు కాపలాదారులను చంపి లోపలికి చొరబడినప్పుడు అంజలీ కుల్తే అనే నర్సు 20 మంది గర్భిణులను వంటసామగ్రి గదిలోకి చేర్చి తలుపు బిగించింది. ఆమె తెగువకు దేశం జేజేలు పలికింది, పలకవలసిందే. కానీ ఆ తెగువనే భద్రతా వ్యవస్థగా లెక్కవేసుకోవడం పాలకులకు తగదు.

మళ్లీ అండమాన్‌కు వస్తే, అక్కడి పరిస్థితి విచిత్రమైనది. ద్వీపసమూహానికి పెద్ద దిక్కైన గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి 1963లో వెలసింది సెల్యులర్ జైలు ఆవరణలోనే. ఏడు రెక్కల కారాగారంలో మూడు నేడు స్మారకంగా నిలిచాయి. మిగిలిన స్థలంలో రోగుల మంచాలు పరచుకున్నాయి. జపానువారి ఆక్రమణకాలంలో వారి ఆయుధబలానికి తలవంచని డాక్టర్ దివాన్ సింగ్ చిత్రహింసలకు గురై 1944 జనవరిలో కన్నుమూసినదీ ఆ జైలులోనే. ఇప్పుడు 2024 సెప్టెంబరునుంచి శ్రీవిజయపురంగా వ్యవహరిస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లో, ప్రొథ్రాపూర్ జైలులోని ఖైదీకి జబ్బు ముదిరినా, ఏ మారుమూల దీవి నుంచి హెలికాప్టరులో రోగి వచ్చినా చేరవలసినది ఆ ఆసుపత్రికే. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడివారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. విశాఖనుంచి ఓడెక్కి వెళ్లి స్థిరపడిన కుటుంబాలకు మరొక పెద్దాసుపత్రి కావాలంటే సముద్రం దాటాలి. అక్కడ వైద్యులు ఒకరోజు విధులు బహిష్కరించినా రోగికి పక్క ఊరు లేదు. ఆ దృష్ట్యా అక్కడి భద్రత మహానగరాల భద్రతకన్నా కీలకమైనది.

ఆర్జీ కర్ ఉదంతం తరువాత సుప్రీంకోర్టు నియమించిన జాతీయ కార్యదళం, ప్రత్యేక కేంద్ర చట్టం అవసరం లేదని, ఉన్న చట్టాలు చాలునని 2024 నవంబరులో నివేదించింది. అది సరైన మాటే కావచ్చు. కానీ పోలీసు, ఆరోగ్య శాఖలు వేర్వేరు మంత్రుల కింద ఉన్న రాష్ట్రాలకు సమన్వయం కుదరలేదని తప్పించుకునే సాకు ఉంది. కేంద్రపాలిత అండమాన్‌కు ఆ సాకు లేదు. పోలీసులూ, ఆసుపత్రీ, జైలూ మూడూ ఒకే ఉపరాష్ట్ర గవర్నరు యంత్రాంగం కింద ఉన్నాయి. ఆయుధం ఎక్కడ ఆగాలి, పర్యవేక్షకుడు ఎవరు, అతడు ఎవరికి జవాబుదారీ అన్న మూడు ముక్కల ఉత్తర్వుకు అక్కడ కావలసినది ఒక్క సంతకం.