పచ్చికలోని లవణములు – వెలుగు యంత్రము

మేతగడ్డిని ఎండబెట్టి, పొడిచేసి, పరారుణ యంత్రము ముందుంచినచో అందలి మాంసకృత్తు, పీచు, లవణములు ఎంతెంతయో నిమిషములలో కాగితముపై పడుచున్నవి. ఈ పరీక్ష చేయించుట మంచిదే. కాని ఆ కాగితమందలి పంక్తుల నన్నింటిని ఒకే తీరున నమ్మి, సంఘపు సొమ్ముతో లవణమిశ్రమము కొనుట తగదని మా యభిప్రాయము.

1800 సంవత్సరమున విలియం హెర్షెల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజుపట్టకముచే విడదీసి, ఎరుపునకు ఆవల, కంటికేమియు కానరాని చోట ఉష్ణమాపకము నుంచగా వేడిమి అచ్చటనే హెచ్చుగా నుండెను. అవియే పరారుణ కిరణములు. ఇవి గడ్డిపొడిపై బడినపుడు నీరు, మాంసకృత్తు, పీచు తమతమ వంతు కిరణములను మ్రింగును. తిరిగివచ్చిన వెలుగునుబట్టి వాని పాలు లెక్కగట్టుదురు. అమెరికాలో కారల్ నారిస్ మొదలగువారు 1976లో ఈ పద్ధతి పశుగ్రాసమునకును పనికివచ్చునని చూపిరి.

లవణముల సంగతి వేరు. మనము తినెడి యుప్పు ఈ కిరణములను మ్రింగదు. కావుననే కొన్ని పరారుణ యంత్రములకు ఉప్పుబిళ్లనే కిటికీగా బిగించుదురు! మఱి గడ్డిలోని సున్నము యంత్రమునకెట్లు తెలిసెను? తెలియలేదు, ఊహించినది. సున్నము మొక్క కణముల గోడలను అంటియుండును. మెగ్నీషియములో కొంత ఆకుపచ్చని పదార్థమందుండును. ఆ తోడివానిని జూచి యంత్రము లెక్క చెప్పును. బండిజాడ లోతు చూచి బస్తాలెన్నియో చెప్పుట వంటిదిది. సున్నము, భాస్వరము, పొటాషియముల యెడ ఈ యూహ కొంత నిలుచును. సోడియము, రాగి, జింకుల యెడ తఱచు తప్పును.

ఇంకొక చిక్కు కలదు. పిల్లిపెసర వంటి కాయజాతి మేతలో సున్నము గడ్డిలోకంటె చాల హెచ్చు. రెండును కలిపి నేర్పిన యంత్రము జాతిని గుర్తుపట్టినంతనే గొప్ప లెక్క చెప్పినట్లు కనబడును. రెండు మళ్లలోని నేపియరు గడ్డికి గల తేడా అడిగినచో తడబడవచ్చును.

రాగి చాలని పశువునకు వెండ్రుకల రంగు మాయును, ఎద తప్పును. అదే రాగి మితిమీరినచో గొఱ్ఱెలు చచ్చును. పశువులకని తెచ్చిన మిశ్రమమును గొఱ్ఱెలకును పెట్టుట మన పల్లెలలో క్రొత్త కాదు గదా.

కావున ప్రతి పంక్తికి ఏ పద్ధతి వాడిరో, ఏ గడ్డిపై యంత్రమునకు నేర్పిరో సంఘము వ్రాతమూలకముగా అడుగవలెను. రాగి, జింకులకు గడ్డిని కాల్చి, బూడిదను ఆమ్లమున కరగించి చూచు రసాయనశాలకే నమూనా పంపవలెను. ఖర్చును దినములును హెచ్చే; ఊరంతకు కలిపి కొలదిపాటి నమూనాలైనచో సభ్యులు భరింపగలరు. గడ్డిని పశువు మేయు ఎత్తున, పొలములో పలుచోట్ల కోసి కలుపుడు. మన్ను అంటనీయకుడు, మన్నంటినచో ఇనుము లేనిపోని హెచ్చుగా కనబడును.