మార్కర్‌తో పాటు మొక్కనూ చదవండి

శనగ మన నల్లరేగడిలో రబీ పంట. వానలు పోయాక నేలలో మిగిలిన తేమే దానికి ఆధారం. అది ఆరిపోతే కాయ నిండకముందే మొక్క ఎండుతుంది. వేళ్లు బలంగా ఉన్న రకం కావాలి. కానీ వేలాది మొక్కల్ని తవ్వి వేళ్లు కొలవడం అయ్యే పనేనా? డీఎన్‌ఏ మార్కర్లు అక్కరకొచ్చేది ఇక్కడే.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఐసీసీ 4958 అనే రకంలో బెట్టను తట్టుకునే లక్షణాలతో ముడిపడిన డీఎన్‌ఏ భాగాన్ని గుర్తించారు. దాన్ని మన రైతులకు బాగా తెలిసిన జేజీ 11లోకి తెచ్చారు. ఏ మొక్కలోకి ఆ భాగం వచ్చిందో లేత ఆకు ముక్కను పరీక్షిస్తే తెలిసిపోతుంది. పూసా శనగ 10216 రకం వచ్చిందీ ఈ దారిలోనే.

'బయోటెక్ చదివాం, ల్యాబ్ ఉద్యోగమే కావాలి' అనే మీకు ఒక మాట. మార్కర్ దానంతటదే ఏమీ చెప్పదు. అది ఏ లక్షణానికి గుర్తో తేల్చేది చేలో కొలిచిన లెక్కలే. పూతకొచ్చిన రోజులు, గింజ బరువు తప్పుగా రాసుకుంటే ఎంత ఖరీదైన సీక్వెన్సింగ్ చేసినా ఫలితం తప్పే. ఆ నష్టం చివరికి రైతుదే.

అందుకే సెలవుల్లో దగ్గరలోని పరిశోధన కేంద్రానికి వెళ్లి పొలం పని అడగండి. గణాంకాలు, 'ఆర్' ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. పీజీకి వ్యవసాయ డిగ్రీవాళ్లకు ఐసీఏఆర్ పరీక్ష, బయోటెక్ వాళ్లకు గ్యాట్-బి ఉన్నాయి. ఇంటర్వ్యూలో 'పీసీఆర్ వచ్చా?' అంటే చాలామంది వచ్చనే చెబుతారు. 'చేలో ఏం కొలిచావు?' అంటే చెప్పగలిగేవాళ్లే తక్కువ. ఆ తక్కువమందిలో మీరుండండి.