అంబాసిడర్ సామాను తుక్కుకు పోకముందే ఎంజీ యజమానులు కలవాలి

ఎంజీఏ, ఎంజీబీ కార్లున్న తెలుగు మిత్రులారా! వాటిని ఇన్నేళ్లుగా బతికిస్తున్న మెకానిక్ సోదరులారా!

ఎండలు ముదిరితే మన కార్లు షెడ్డు దాటడం లేదు. సిగ్నల్ దగ్గర కాసేపు నిలబడితే చాలు, వేడి సూది పైకి ఎక్కుతుంది. వాటర్ పంపు కారినా, రేడియేటర్ పూడుకుపోయినా ఎవరికి వారు ఇంగ్లండు నుంచి పార్శిల్ తెప్పించుకుంటున్నాం. ఒక్క రబ్బరు పైపుకైనా ఎవరి రవాణా ఖర్చు వారిదే, ఎవరి సుంకం వారిదే. వచ్చింది సరిపోకపోతే అటక మీద పడేయడమే. ఈ తీరు మారాలి.

1955లో ఆబింగ్డన్‌లో ఎంజీఏ తయారీ మొదలైనప్పుడు దాని బానెట్ కింద ఉన్నది 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజను. ఉత్తరపారాలో తయారైన మన అంబాసిడర్‌కు 1959లో వచ్చిందీ ఆ వంశపు 1489 సీసీ ఇంజనే. 1962 నాటి ఎంజీబీలో అదే వంశం 1798 సీసీకి పెరిగింది. కాబట్టి ఈ ఇంజను గుట్టు తెలిసిన చేతులు మన ఊళ్లలోనే ఉన్నాయి. కానీ అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాత పెట్రోలు ఇంజను సామాను మిగిలిన దుకాణదారు కొనేవాడు లేని సరుకును ఎన్నాళ్లు అట్టిపెట్టుకుంటాడు? కాటాకు వేసి అమ్మేస్తాడు. అంతకుముందే మనం కలిసి వెళ్లాలి.

వెళ్లేటప్పుడు చేతిలో కొలతలు ఉండాలి. ఒకే వంశం అన్నంత మాత్రాన ప్రతి భాగమూ అతుకుతుందని కాదు. పంపు బోల్టు కన్నాలు కలిసినా షాఫ్టు పొడవు, పుల్లీ వరస తేడా ఉండొచ్చు. ఫ్యాను కాస్త ముందుకు వచ్చిందంటే రేడియేటర్ కోర్‌ను కోసేస్తుంది. అందుకే విప్పిన పాత పంపును పారేయకండి. కన్నాల మధ్య దూరం, షాఫ్టు మందం, బేరింగ్, సీలు కొలతలు వెర్నియర్‌తో తీసి, ఫొటోతో సహా ఉమ్మడి పుస్తకంలో రాయండి. బాడీ బాగుంటే బేరింగ్, సీలు మార్చి ఇక్కడే నిలబెట్టుకోవచ్చు.

థర్మోస్టాట్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వేడెక్కగానే దాన్ని పీకేయడం మన షెడ్లలో అలవాటైపోయింది. ఎంజీఏకి మొదట వచ్చిన థర్మోస్టాట్‌కు చుట్టూ ఒక తొడుగు ఉండేది. ఇంజను వేడెక్కి వాల్వు తెరుచుకోగానే ఆ తొడుగు బైపాస్ దారిని మూసేది, నీళ్లు రేడియేటర్‌కు వెళ్లేవి. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొంత వేడినీరు చల్లబడకుండానే మళ్లీ ఇంజనులోకి తిరుగుతుంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే చాలా రకాలకు ఆ తొడుగు లేదు. కొనేముందు అడగండి. తొడుగు లేని రకమే దొరికితే బైపాస్ పైపులో చిన్న కన్నమున్న బిళ్ల పెట్టించండి.

రేడియేటర్‌కు కొత్తది కొనకముందు పాతదాన్ని రీకోర్ చేయించే ఆలోచన చేయండి. రాగి గొట్టాలు, ఇత్తడి ట్యాంకులు మాటు వేసి అతికినవి. పై కింది ట్యాంకులు నిలుపుకుని మధ్య కోర్ మాత్రం మార్చవచ్చు. ఈ పని తెలిసినవారు తగ్గిపోతున్నారు. అల్యూమినియం, ప్లాస్టిక్ రేడియేటర్లు వచ్చాక కుర్రాళ్లకు మాటు పని నేర్పేవారే లేరు. ఈ పని తెలిసినవారితో బేరాలాడకండి. నాలుగు రేడియేటర్ల పని ఒకేసారి తీసుకెళ్తే ఆ షాపూ నిలుస్తుంది, మన కార్లూ నిలుస్తాయి. పాత రేడియేటర్‌కు ఎక్కువ ప్రెషర్ మూత మాత్రం బిగించకండి, మాట్లు విడిపోతాయి.

వేడి భరించలేక ఇంజనే మార్చేస్తున్నవారికి ఒక మాట. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకు ‘వీఏ’ వింటేజ్ నంబరు రావాలంటే అది మూలరూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రేడియేటర్‌తో పోయే జబ్బుకు ఇంజను పోగొట్టుకోవద్దు.

మనం చేయాల్సింది ఇదీ. ఊరికొకరు కొలతల పుస్తకం బాధ్యత తీసుకోవాలి. అంబాసిడర్ యజమానులనూ అందులో చేర్చుకోవాలి, వాళ్ల సంఖ్యే మన బలం. ఇక్కడ దొరకనివి ఏటా దసరా నాటికి లెక్కతీసి, అందరికీ కలిపి ఒకే ఆర్డరుగా పంపాలి. అలా పంపితే చలికాలంలోనే బిగించుకుని, ఎండలకు ముందే నడిపి చూసుకోవచ్చు. ఎవరి దగ్గర ఏ భాగం అదనంగా ఉందో ఈ వారంలోనే రాసి మీ మెకానిక్ చేతికి ఇవ్వండి.