రెండు విమానాలతో మొదలుపెడితే తప్పేమిటి?

1985 అక్టోబర్ 25న ఎమిరేట్స్ తొలి విమానం దుబాయ్ నుంచి కరాచీకి ఎగిరింది. అప్పటికి ఆ సంస్థ నమ్ముకున్నవి రెండే విమానాలు. అవి కూడా పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ దగ్గర అద్దెకు తెచ్చుకున్నవే. దుబాయ్ పాలకులు చేతిలో పెట్టిన పెట్టుబడి కోటి డాలర్లు. కరాచీ తర్వాత వాళ్లు చూసుకున్న ఊళ్లు బొంబాయి, ఢిల్లీ. 2003 అక్టోబర్‌లో షార్జాలో పుట్టిన ఎయిర్ అరేబియాదీ అదే దారి. రెండు ఎయిర్‌బస్ ఏ320లతో, మొదటి రోజే పరాయి దేశమైన బహ్రెయిన్‌కు ఎగిరింది.

మన దేశంలో ఎవరైనా ఇలా మొదలుపెడదామంటే నిబంధనలు ఒప్పుకోవు. విదేశాలకు ఎగరాలంటే ఐదేళ్లు దేశంలో తిరిగి ఉండాలి, 20 విమానాలు ఉండాలి అని 2004లో కేంద్రం షరతు పెట్టింది. 2016 పౌర విమానయాన విధానంలో ఐదేళ్ల మాట తీసేశారు. ఇరవై మాత్రం మిగిలింది. 20 విమానాలు, లేదా మొత్తం సామర్థ్యంలో 20 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంత దేశీయ మార్గాల్లో తిప్పాలి. ఆ తర్వాతే సరిహద్దు దాటాలి. విచిత్రం ఏమిటంటే, 2005 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ తిరువనంతపురం నుంచి నేరుగా గల్ఫ్‌కే మొదలైంది. అది ప్రభుత్వ సంస్థకు అనుబంధం కాబట్టి కుదిరింది. అదే కాలంలో, సొంతంగా ఎయిర్ కేరళ పెట్టుకుంటామన్న కేరళ ప్రభుత్వ ఆలోచన ఈ షరతు దగ్గరే ఆగిపోయింది.

ఈ నిబంధన ప్రయాణికుడిని కాపాడిందా? కింగ్‌ఫిషర్ సంగతి చూడండి. విదేశాలకు ఎగరాలన్న తొందరలో, 2003లో మొదలైన ఎయిర్ డెక్కన్‌ను కొనేసింది. 2008 ఆగస్టుకు డెక్కన్‌కు ఐదేళ్లు నిండాయి, సెప్టెంబర్‌లో కింగ్‌ఫిషర్ విమానం లండన్ వెళ్లింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 2012 అక్టోబర్‌లో, మొత్తం సంస్థే నేలకు దిగిపోయింది. జీతాలందక ఉద్యోగులు రోడ్డున పడ్డారు. ఐదేళ్ల అనుభవం, 20 విమానాలు అన్న రెండు షరతులూ కాగితం మీద నెరవేరిన సంస్థ అది. డబ్బున్నవాడు ఆ షరతును కొనుక్కోగలిగాడు, లేనివాడు గుమ్మం బయటే ఉండిపోయాడు. 2022 ఆగస్టులో మొదలైన ఆకాశ ఎయిర్ 2024 మార్చికల్లా ముంబై నుంచి దోహాకు ఎగరగలిగింది. దాని వెనుక గట్టి పెట్టుబడి ఉంది, కాబట్టి ఏడాదిన్నరలో ఇరవై దాటింది. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

చిన్న సంస్థకు ఉండే కష్టాలు నిజమైనవే. వాటిని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. గన్నవరం నుంచి షార్జాకు 180 సీట్ల విమానం ఒక్కటే నడిపే సంస్థను ఊహించుకోండి. అటు సుమారు నాలుగు గంటలు, ఇటు నాలుగు గంటలు. కొత్తవాడికి అక్కడ దొరికే సమయం అర్ధరాత్రి దాటాకే. విమానం అరగంటలోనో గంటలోనో శుభ్రం చేయించుకుని, ఇంధనం పోయించుకుని వెనక్కి తిరగాలి. దిగేటప్పుడు ఇంజిన్‌లోకి ఒక పక్షి వచ్చిందనుకుందాం. సన్నటి కెమెరా గొట్టం లోపలికి పెట్టి బ్లేడ్లను ఒక్కొక్కటిగా చూసి, బాగున్నాయని లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకం చేస్తేనే అది మళ్లీ కదలాలి. ఆ ఇంజినీరు మన జీతగాడు కాదు, అక్కడి నిర్వహణ సంస్థ మనిషి. ముందు తన పెద్ద ఖాతాదారుల పని ముగించుకుని వస్తాడు. ఈలోగా పైలట్ల డ్యూటీ గంటలు అయిపోతాయి. మరో జత పైలట్లు షార్జాలో ఉండరు. అక్కడ 180 మందికి హోటల్ గదులు చూడాలి. ఇక్కడ గన్నవరంలో మరో 180 మంది తాడు కట్టిన అట్టపెట్టెలతో నేలమీద కూర్చుని ఉంటారు. పెట్టె మీద మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకున్న ఆ మనుషుల్లో కొందరికి వీసా గడువు రేపటితో ముగుస్తుంది. వందల విమానాలున్న సంస్థ అయితే గంటల్లో ఇంకో విమానం పంపుతుంది. ఒక్క విమానం వాడు ఏం పంపుతాడు?

ఇది ఒక రాత్రి కష్టం. రోజూ ఉండేది డబ్బు కష్టం. విమానం అద్దె డాలర్లలో, అదీ కొన్ని నెలల డిపాజిట్‌తో. ఆదాయం మాత్రం రూపాయల్లో. బ్రిటన్‌లో ఫ్రెడ్డీ లేకర్‌ను ముంచినవాటిలో ఇదొకటి. ప్రభుత్వంతో, కోర్టులతో ఏళ్ల తరబడి పోరాడి, 1977 సెప్టెంబర్‌లో లండన్ నుంచి న్యూయార్క్‌కు చవక టికెట్ తెచ్చాడు. అప్పులు డాలర్లలో చేశాడు, జనం కట్టేది పౌండ్లు. పౌండు పడిపోయింది, పెద్ద సంస్థలు ధరలు తగ్గించి మీదపడ్డాయి. 1982 ఫిబ్రవరి 5న అంతా ముగిసింది. ఇంకో చిక్కూ ఉంది. కొత్త సంస్థ మీద నమ్మకం లేని కార్డు సంస్థలు, ప్రయాణం పూర్తయ్యేదాకా టికెట్ డబ్బు విడుదల చేయవు. ఇంధనం అమ్మేవాడేమో ముందే కట్టమంటాడు. టికెట్లన్నీ అమ్ముడైనా గల్లాపెట్టె ఖాళీగానే ఉంటుంది.

అనుమతుల సంగతి వేరు. 1944 షికాగో ఒప్పందం ప్రకారం ఏ దేశం గగనతలం ఆ దేశానిదే. రెండు దేశాలు కూర్చుని పంచుకున్న సీట్లే మనం అమ్ముకోవాలి. దుబాయ్ విషయంలో ఒక్కో పక్షానికి వారానికి సుమారు 66 వేల సీట్లని దశాబ్దం క్రితం రాసుకున్నారు. కోటా నిండిపోయిన చోట కొత్తవాడికి మిగిలేదేమీ ఉండదు.

విజయవాడ కూడా ఒక సంస్థను కన్నది. 2013 అక్టోబర్‌లో మొదలైన ఎయిర్ కోస్టా, వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని ఎంబ్రాయర్ విమానాలతో ఎగురుతూనే, 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ప్రదర్శనలో 50 కొత్త విమానాలకు ఆర్డర్ ఇచ్చింది. జాబితా ధర 294 కోట్ల డాలర్లు. 2017 ఫిబ్రవరి చివర ఎగరడం మానేసింది. దాన్ని ఈ నిబంధనే చంపిందని నేను అనను. అద్దెల గొడవ, పెట్టుబడి కరవు దాన్ని తినేశాయి. కానీ విమానాల సంఖ్యను బట్టే స్థాయి కట్టే వ్యవస్థలో చిన్న సంస్థలు తాహతుకు మించి లెక్కలు వేసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

పెద్ద సంస్థలు ఉన్నాయి కదా, చిన్నవి ఎందుకు అనేవారికి 2018 డిసెంబర్‌ను గుర్తుచేస్తాను. ఖాళీ సీట్ల నష్టం భరిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకొస్తే ఇండిగో విజయవాడ నుంచి సింగపూర్‌కు వారానికి రెండు సర్వీసులు నడిపింది. 2019లో ఆ డబ్బు ఆగింది, సర్వీసూ ఆగింది. అందులో ఇండిగో తప్పేమీ లేదు. దాని విమానానికి ఇంతకన్నా లాభమిచ్చే ఊళ్లు పది ఉన్నాయి. విజయవాడే ఇల్లయిన సంస్థ మాత్రం ఆ మార్గాన్ని బతికించుకోవడానికి ఇంకా గట్టిగా పెనుగులాడి ఉండేది.

యూరప్ కొత్త సంస్థను విమానాలు ఎన్నని అడగదు. మొదటి మూడు నెలలు పైసా ఆదాయం రాకపోయినా ఖర్చులు భరించగలవా, రెండేళ్ల బాధ్యతలు తీర్చగలవా చూపించమంటుంది. అక్కడి నిబంధన అదే. మన దగ్గర ఐదు పెద్ద విమానాల దాకా 50 కోట్ల మూలధనం చూపితే చాలు, విదేశానికి మాత్రం ఇరవై విమానాలు కావాలి. అడగాల్సినచోట తక్కువ అడిగి, అక్కర్లేనిచోట ఎక్కువ అడుగుతున్నాం. దేశంలోని చిన్న ఊళ్లకు సర్వీసులు తగ్గుతాయన్న భయం న్యాయమైనదే. దానికి ఉడాన్ పథకం ఉంది, వేరే కోటాలున్నాయి.

పౌర విమానయాన శాఖను ఇప్పుడు చూస్తున్నది శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. గల్ఫ్‌కు వలసపోయే ఊళ్ల గురించి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇరవై విమానాల షరతును రద్దు చేయాలి. దాని స్థానంలో మూడు షరతులు పెట్టాలి. ఆరు నెలల ఖర్చుకు సరిపడా నగదు బ్యాంకులో ఉండాలి. ప్రయాణం పూర్తయ్యేదాకా టికెట్ డబ్బు విడి ఖాతాలో ఉండాలి. విమానం ఆగిపోతే ప్రయాణికులను చేర్చేందుకు మరో సంస్థతో ముందే ఒప్పందం ఉండాలి. వీటికి నిలబడగల సంస్థను రెండు విమానాలతోనే షార్జాకో, కువైట్‌కో ఎగరనివ్వాలి. కొత్తగా ఏ దేశంతో సీట్లు పంచుకున్నా అందులో కొన్ని ఇలాంటివాళ్లకు పక్కన పెట్టాలి.