గుడిలో అడగరు, గదికి అడుగుతారు (ఖాట్మండు రాతలు – 3)

ఖాట్మండు అందమైన ఊరు. ముందే ఒప్పుకుంటున్నా. లేకపోతే "వీడికి ఎక్కడికెళ్లినా కులమే కనపడుతుంది" అని మొదటి పేరాలోనే లేచిపోయేవాళ్లున్నారు.

పొద్దున్నే అసన్ బజారుకి వెళ్లండి. కూరగాయల గంపలు, ఇత్తడి సామాను, మసాలాల ఘాటు, వాటి మధ్యలో అన్నపూర్ణ గుడి గంట. సందుకో గుడి, గుడికో నగిషీ చెక్కిన కిటికీ. స్వయంభూ మెట్ల మీద కోతులు. సాయంత్రం బౌద్ధనాథ్ స్తూపం చుట్టూ జపమాల తిప్పుకుంటూ నడిచే టిబెటన్ ముసలమ్మలు. నాకూ నచ్చింది. రెండు రోజులు నోరు తెరుచుకుని తిరిగాను.

మూడో రోజు పశుపతినాథ్ దగ్గర తెలుగు వినపడింది. ముక్తినాథ్ ప్యాకేజీ బస్సు దిగిన మనవాళ్లు. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ముక్తినాథ్ ఒకటి కాబట్టి మన దగ్గర్నుంచి ఏటా బస్సులు కడతారు, వంటవాణ్ని కూడా వెంటబెట్టుకుని. అందులో ఒక పెద్దాయన బంగారు కప్పు వైపు చూసి దండం పెట్టి అన్నాడు: "ఎంతైనా హిందూ రాజ్యం అండీ. కమ్యూనిస్టులొచ్చి పాడు చేశారు గానీ, ఆ పవిత్రత ఎక్కడికి పోతుంది?"

అక్కడ ఆయనకి జవాబు చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నా.

అయ్యా, మీరు మురిసిపోయిన ఆ పవిత్రతకి ఒక చట్టం ఉంది. పేరు ములుకీ ఐన్. 1854లో జంగ్ బహదూర్ రాణా రాయించాడు. మన దగ్గర మనువు రాసింది శాస్త్రం. నేపాల్‌లో అది పీనల్ కోడ్. జంధ్యం వేసుకునేవాళ్లు పైన. తాగుడు అలవాటున్న జాతులని ముద్ర వేసినవాళ్లు వాళ్ల కింద. ఇంకా కింద, చేతి నీళ్లు చెల్లని వాళ్లు. వాళ్లలో మళ్లీ రెండు రకాలు: తాకినా ఫర్వాలేదు, కానీ నీళ్లు మాత్రం తీసుకోకూడని వాళ్లు. తాకితే నీళ్లు చల్లుకుని శుద్ధి చేసుకోవాల్సిన వాళ్లు.

ఇప్పుడు తమాషా చూడండి. ముస్లింల్నీ, గొడ్డుమాంసం తినే తెల్లదొరల్నీ మొదటి రకంలో వేశారు. అదే దేశంలో పుట్టి, కొడవలి కొట్టిన కామీని, చెప్పులు కుట్టిన సార్కీని, పెళ్లికి బట్టలు కుట్టి సన్నాయి ఊదిన దమాయీని రెండో రకంలో వేశారు. ఒకే నేరానికి కులాన్ని బట్టి శిక్ష. బ్రాహ్మణుడికి మరణశిక్ష లేదు. 1963 దాకా, అంటే మన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసిన పదమూడేళ్ల తర్వాత దాకా, ఆ దొంతరే ఆ దేశపు చట్టం. ఆ పెద్దాయన పవిత్రత అన్నది దీన్నే.

ఈ గుడి గుమ్మం కూడా ఊరికే తెరుచుకోలేదు. 1954లో సహర్షనాథ్ కపాలి నాయకత్వంలో దళితులు పశుపతినాథ్‌లోకి వెళ్తామని బయల్దేరారు. అరెస్టులు చేశారు. నాసిక్ కాలారామ్ గుడి ముందు బాబాసాహెబ్ సత్యాగ్రహం చేసింది 1930లో. ఇరవై నాలుగేళ్ల తేడాతో అదే గుమ్మం, అదే లాఠీ.

గుమ్మం దగ్గర ఇప్పుడొక బోర్డుంది: హిందువులకు మాత్రమే ప్రవేశం. కాగితం మీద నేను హిందువునే. ఏ హిందువునో ఆ కాగితంలో పక్క గడిలో రాసుంటుంది. కాపలావాడు నా మొహం చూసి ఇండియా వాడే అనుకుని చెయ్యి ఊపాడు. వెళ్లాను, దాచుకోను. పెద్ద బంగారు నంది వీపు, వెండి తలుపులు, తోపులాట. మా అమ్మ మా ఊరి రామాలయం అరుగు కూడా ఎక్కలేదు. నేను ఇంకో దేశంలో పశుపతి ముంగిట నిలబడ్డాను. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఆగాను. రాలేదు. బయటికొచ్చేశాను.

బయట నాకోసం ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. దమాయీ పిల్లాడు, ఖాట్మండులో చదువుకుంటున్నాడు, రెండు రోజులుగా ఊరు చూపిస్తున్నాడు. "నువ్వు ఎప్పుడైనా లోపలికి వెళ్లావా తమ్ముడూ?" అని అడిగాను.

"చాలాసార్లు దాయ్. గుడిలో ఎవరూ థర్ అడగరు. గది అద్దెకి అడిగితేనే అడుగుతారు."

థర్ అంటే ఇంటిపేరు. మన దగ్గర "మీరేమిటోళ్లు?" అని అడగడానికి నోరు రాక "ఇంటిపేరేంటి బాబూ?" అని అడుగుతారు చూడండి, అదే. ఈ పిల్లాడు ఓనరమ్మకి వేరే థర్ చెప్పి గదిలో చేరాడు. కిందటేడు వాళ్లమ్మ ఊరి నుంచి చూడ్డానికి వస్తే గదికి తీసుకెళ్లలేదు. ఓనరమ్మ మాటల్లో పెట్టి ఊరూ పేరూ లాగేస్తుందని భయం. సొంత తల్లిని రెండు రాత్రులు ధర్మశాలలో పడుకోబెట్టాడు. చెప్తున్నంతసేపూ బాగ్మతి నది వైపే చూస్తున్నాడు.

ఇది ఒక్క పిల్లాడి పిరికితనం అనుకోకండి. 2021లో ఇదే ఖాట్మండులో ఒక దళిత మహిళా జర్నలిస్టు, కులం తెలిశాక గది ఇవ్వలేదని పోలీసు కేసు పెట్టింది. 2011 నుంచి అక్కడ కుల వివక్ష నేరం. 2015 రాజ్యాంగంలో దళితుల హక్కులకి ప్రత్యేకంగా ఒక అధికరణం ఉంది. ఇంటి యజమానురాల్ని అరెస్టు చేశారు కూడా. తర్వాత ఏమైంది? విడుదలైన రోజు ఆమెని సాక్షాత్తూ విద్యాశాఖ మంత్రి ప్రభుత్వ కారులో ఇంటి దగ్గర దింపి వచ్చాడు. చట్టం ఎవరి చేతుల్లో ఉందో, కారు ఎవరి వాకిట్లో ఆగిందో చూసుకోండి. అంతకు ముందేడు పశ్చిమ రుకుంలో పై కులం అమ్మాయిని ప్రేమించిన ఒక దళిత కుర్రాడు స్నేహితులతో కలిసి ఆమె కోసం వెళ్తే, తరిమి కొట్టారు. ఆరుగురి శవాలు భేరీ నదిలో తేలాయి. రాజు 2008లోనే పోయాడు. పెద్దాయన బెంగపడనక్కర్లేదు, ఆ రాజ్యం ఇళ్లల్లో భద్రంగానే ఉంది.

ఇంకో కథ. పశుపతినాథ్‌లో ప్రధాన పూజారులు మన దక్షిణాది బ్రాహ్మణులే, భట్టులు, ముఖ్యంగా కర్ణాటక నుంచి. మావోయిస్టుల ప్రభుత్వం వాళ్లని తీసి నేపాలీ పూజారుల్ని పెట్టబోయింది. దేశమంతా గొడవ, కోర్టు, చివరికి ప్రచండ వెనక్కి తగ్గాడు. తుపాకీ పట్టి రాజునే దించిన పార్టీ కూడా అడిగిన ప్రశ్న ఒక్కటే: పూజారి ఏ దేశపు బ్రాహ్మణుడై ఉండాలి? బ్రాహ్మణుడే ఎందుకు అన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు.

పోనీ, అంటరానివాడు పూజారి అయితే కొండలు కూలతాయా? అదే ఖాట్మండు లోయలో పోడే కులం ఉంది. తరతరాలుగా వీధులూ పాయిఖానాలూ ఊడ్పించింది వాళ్ల చేతే. ఊరి అంచున ఉండే ఉగ్ర దేవతల పీఠాలు చాలావాటికి కావలి కాసేదీ, కానుకలు అందుకునేదీ కూడా వాళ్లే. మా దగ్గర ఎల్లమ్మకి బైండ్లోళ్లు లేరా? అమ్మ కథ చెప్పేది వాళ్లు, పట్నం వేసేది వాళ్లు. చెట్టు కింద రాయిగా ఉన్నంతకాలం అమ్మ మాది. హుండీ నిండి, గోపురం లేచాక అయ్యగారొస్తాడు. అప్పుడు మేం గేటు బయట డప్పు కొట్టాలి.

బుద్ధుడి సంగతేంటి అంటారా? అదీ చెప్పాలి, మనవాళ్లకి చేదుగా ఉన్నా సరే. 1956 నవంబర్‌లో, నాగపూర్ దీక్ష అయిన నెల రోజులకి, బాబాసాహెబ్ ఈ ఊరికే వచ్చాడు, ప్రపంచ బౌద్ధుల మహాసభకి. ఒళ్లు సహకరించని స్థితిలో బుద్ధుడూ మార్క్సూ మీద మాట్లాడాడు. ఇద్దరి గమ్యం ఒకటే, దారి వేరు అన్నాడు. డిసెంబర్ 6న మనల్ని వదిలి వెళ్లిపోయాడు. ఆ తలంపుతోనే నేను ఖాట్మండు వెళ్లాను. వెళ్లి చూస్తే, నేవార్ల బౌద్ధంలోనూ కులం ఉంది. విహారాల్లో దీక్ష శాక్య, వజ్రాచార్య ఇళ్లల్లో పుట్టిన మగపిల్లలకే. జనం మొక్కే కుమారి దేవత కూడా శాక్యుల ఇంటి పిల్లే అయి ఉండాలి. కులాన్ని కాదన్నవాడి గుడిని కూడా కులం తన పెరడు చేసుకుంది. దేవుణ్ని మార్చుకుంటే చాలనుకునే మనవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. మాల బావి, మాదిగ బావి అని మనలో మనం గీసుకున్న గీత చెరపకుండా దీక్ష తీసుకుంటే, మన విహారానికీ రేపు రెండు గుమ్మాలు మొలుస్తాయి.

చివరిగా నా మాట. ఆ పిల్లాడు వాళ్లమ్మ సంగతి చెప్పినప్పుడు నేను ఓదార్చలేకపోయాను. హైదరాబాదులో నా మొదటి అద్దె గదికి మా అమ్మ వస్తానంటే "ఇప్పుడొద్దే, పరీక్షలున్నయ్" అని అబద్ధం చెప్పినవాణ్ని నేను. ఆమె యాస వింటే ఓనరుకి తెలిసిపోతుందని. అమ్మ ఇప్పుడు లేదు. ఆ ఏడు రాలేదు, తర్వాత కాళ్లు సహకరించలేదు.

కాబట్టి అయ్యా, హిందూ రాజ్యం తిరిగి రావాలని ఏ గుడి ముందైనా దండం పెట్టుకోండి, మీ ఇష్టం. నాకు మీ పశుపతి దర్శనం అక్కర్లేదు. ఆ పిల్లాడు వాళ్లమ్మని చెయ్యి పట్టుకుని, సొంత థర్ చెప్పి, ఆ గది మెట్లెక్కించే రోజు కావాలి. ఆ రోజు రాకుండా ఏ ఊరికీ పవిత్రమని పేరు పెట్టకండి.

మిగతాది వచ్చే భాగంలో.

జై భీమ్.