రైలు పొడుగు కాదు, పనివేళ చూడాలి

ఏ నగరానికి మెట్రో రైలు వచ్చినా పేపర్లలో మొదట కనిపించేది ఎన్ని మైళ్లు, ఎన్ని కోట్లు అనే లెక్క. క్యాంపులో ఉంటూ షిఫ్టు డ్యూటీ చేసే మనిషికి కావలసిన లెక్క వేరు. మొదటి బండి ఎన్నింటికి? ఆఖరి బండి ఎన్నింటికి? టికెట్టు పోగా కూలిలో ఎంత మిగులుతుంది? స్టేషనులో దిగాక పనిచోటికి ఎలా చేరాలి? వీటికి జవాబు చెప్పలేని రైలు ఎంత పొడుగున్నా పనివాడి రైలు కాదని మా అభిప్రాయం. మేముంటున్న ఫ్రీమాంట్ సంగతి చూస్తే ఇది తెలుస్తుంది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ 1956లో ఐదు ఊళ్లు కలిసి ఏర్పడిన నగరం. సెంటర్‌విల్, అర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, నైల్స్, వార్మ్ స్ప్రింగ్స్ ఆ ఐదూ. ఇక్కడి మెట్రోను అందరూ బార్ట్ అంటారు. 1962లో మూడు కౌంటీల ప్రజలు ఓటు వేసి 79 కోట్ల 20 లక్షల డాలర్ల అప్పుకు ఒప్పుకున్నాక పని మొదలైంది. 1972 సెప్టెంబరు 11న మొదటి బండి నడిచింది. ఆ తొలి మార్గానికి ఒక కొస ఓక్లాండ్‌లోని మెక్‌ఆర్థర్ స్టేషను, రెండో కొస ఫ్రీమాంట్.

ఆ తర్వాత 45 ఏళ్లపాటు ఫ్రీమాంటే ఆఖరి స్టేషనుగా ఉండిపోయింది. 2017 మార్చిలో గానీ వార్మ్ స్ప్రింగ్స్ స్టేషను తెరవలేదు. ఊరు దాటించడానికి వేసింది 5.4 మైళ్ల లైను. 2020 జూన్‌లో మిల్పిటాస్, బెరియెస్సా స్టేషన్లు కలిశాయి. అక్కడి నుంచి శాన్ హోసే నడిబొడ్డు మీదుగా శాంటా క్లారా వరకు మరో ఆరు మైళ్లు వేయాలి. దాని ఖర్చు అంచనా 1,200 కోట్ల డాలర్లు దాటింది. అది 2030ల చివరిలో గాని అందుబాటులోకి రాదని అంచనా. అర్వింగ్టన్ మాట చెప్పనక్కర్లేదు. 2017 నుంచి బండ్లు ఆ పేట మీదుగానే పోతున్నాయి, ఆగడానికి స్టేషను లేదు. 2014లో కౌంటీ ఓటర్లు ఆ స్టేషను కోసం అమ్మకం పన్నులో వాటా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పన్ను కట్టేవాడు కడుతూనే ఉన్నాడు, బండి ఎక్కేవాడు ఎదురు చూస్తూనే ఉన్నాడు.

కొత్తగా వచ్చినవారికి పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాం. ఫ్రీమాంట్ నుంచి రెండు రంగుల బండ్లుంటాయి. ఆకుపచ్చ బండి నేరుగా శాన్‌ఫ్రాన్సిస్కో మీదుగా డేలీ సిటీకి పోతుంది. నారింజ బండి ఓక్లాండ్, బర్కిలీ మీదుగా రిచ్‌మండ్‌కు పోతుంది. రాత్రి తొమ్మిది దాటితే ఆకుపచ్చ బండి ఉండదు. నారింజ బండి ఎక్కి బే ఫెయిర్‌లో దిగి, నీలం బండికి మారాలి. ఓక్లాండ్ విమానాశ్రయానికి వెళ్లేవారు కొలీజియం స్టేషనులో మారాలి. ఛార్జీ దూరాన్ని బట్టి పడుతుంది కనుక ఎక్కేటప్పుడూ దిగాకా గేటు దగ్గర కార్డు ఆనించాలి.

ఇక డబ్బు సంగతి. క్లిప్పర్ స్టార్ట్ అనే పథకం ఉంది. 19 నుంచి 64 ఏళ్ల లోపువారికి, కుటుంబ ఆదాయం ప్రభుత్వ పేదరిక రేఖకు రెట్టింపు మించకపోతే, ఛార్జీ సగమే. 18 ఏళ్ల వరకు పిల్లలకూ సగమే. 2025 డిసెంబరు నుంచి క్లిప్పర్ కార్డుతో రెండు గంటల లోపు రైలు దిగి బస్సెక్కినా, బస్సు దిగి రైలెక్కినా 2.85 డాలర్ల వరకు తగ్గుతుంది. రోజుకు రెండు బస్సులు, రెండు రైళ్లు ఎక్కేవారికి నెల తిరిగేసరికి ఇది చిన్న మొత్తం కాదు. ఈ సంగతి తెలియక పూర్తి ఛార్జీ కడుతున్నవారు ఎందరో. ఇలాంటివి తోటివారికి చెప్పడం మన బాధ్యత.

అసలు చిక్కు వేళల దగ్గరుంది. పనిరోజుల్లో బండ్లు ఉదయం 5కు మొదలవుతాయి. శనివారం 6కు, ఆదివారం ఏకంగా 8కి. అర్ధరాత్రితో ఆగిపోతాయి. ఆఫీసు ఉద్యోగికి ఇది చాలు. ఆదివారం ఉదయం ఆరింటికి హోటల్లో గదులు తుడవాల్సినవారికి, ముసలివాళ్లను చూసుకునే ఇంట్లో డ్యూటీ ఎక్కాల్సినవారికి, రాత్రి ఒంటిగంటకు గిడ్డంగిలో షిఫ్టు దిగేవారికి రైలు ఉన్నా లేనట్టే. వారానికి ఒకటి రెండుసార్లు టాక్సీ ఎక్కితే ఆ పూట కూలి అందులోనే పోతుంది.

రాత్రంతా రైలు నడపమని మేమనడం లేదు. పోను ఒకటి రాను ఒకటి, ఉన్నవి రెండే పట్టాలు. రాత్రిపూట బండ్లు ఆపితేనే మరమ్మతు జరుగుతుంది. కాని రైలు నిద్రపోయే వేళల్లో అదే దారిన తగినన్ని బస్సులు నడపవచ్చు. ఏసీ ట్రాన్సిట్ రాత్రి బస్సులు కొన్ని ఇప్పటికే ఉన్నాయి. అవి పెరగాలి. ఆదివారం తెల్లవారుజామున మరీ పెరగాలి.

ఇది ఒక్క ఫ్రీమాంట్ సమస్య కాదు. ఈ పత్రిక చదివే గల్ఫ్ సోదరులకు బాగా తెలుసు. దుబాయి మెట్రో 2009 సెప్టెంబరు 9న మొదలైంది. అక్కడా ఆదివారం మొదటి బండి 8 గంటలకే. సోనాపూర్ క్యాంపు నుంచి స్టేషనుకు బస్సు పట్టుకోవలసిందే. మన హైదరాబాద్‌లో 2017 నవంబరులో మెట్రో ప్రారంభమైంది. శంషాబాద్‌లో విమానం దిగే గల్ఫ్ కార్మికుడు మాత్రం పెట్టెలు మోసుకుని బస్సో టాక్సీయో వెతుక్కుంటున్నాడు. ఎక్కడైనా లైను గీసేది కారున్నవాళ్లు, కాలినడకన వచ్చేవాళ్లను అడిగేది తర్వాత.

కోవిడ్‌కు ముందు బార్ట్‌లో పనిరోజున 4 లక్షలకు పైగా ప్రయాణాలు ఉండేవి. 2024లో కూడా అందులో సగం రాలేదు. ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పని చేస్తున్నారు. చేతులతో పని చేసేవాడికి ఆ వీలు లేదు, వాడు రైలెక్కుతూనే ఉన్నాడు. ఆదాయం పడిపోయిందని బండ్లు తగ్గించే మాట వచ్చినప్పుడు మొదటి దెబ్బ వాడికే తగులుతుంది. లోటు పూడ్చడానికి ఐదు కౌంటీల్లో అమ్మకం పన్ను పెంచే ప్రతిపాదనను 2026 నవంబరు ఓటింగుకు పెట్టేందుకు రాష్ట్రం 2025లో చట్టం చేసింది.

మాలో చాలామందికి ఇక్కడ ఓటు లేదు. అమ్మకం పన్ను మాత్రం ఓటున్నవాడితో సమానంగా కడుతున్నాం. ఓటు లేకపోయినా నోరుంది. బార్ట్‌కు ప్రజలు ఎన్నుకున్న తొమ్మిది మంది డైరెక్టర్లున్నారు. వారి బహిరంగ సమావేశాల్లో పౌరసత్వంతో పని లేకుండా ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. పది మంది కలిసి తమ షిఫ్టు వేళలు, ఆఖరి బండి వేళ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి ఇస్తే చాలు. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. కొత్త స్టేషనుకు రిబ్బను కత్తిరించేటప్పుడు చప్పట్లు కొడదాం. దానికి ముందు, తెల్లవారుజామున నాలుగింటికి అక్కడికి ఏ బస్సు వస్తుందో అడుగుదాం.