చుక్కల లెక్క

మార్కాపురము పలకను ఎరుగని తెలుగు ఉపాధ్యాయులు అరుదు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతి పొరలకు కంభము పేరే పెట్టినారు. ఆ రాయి చెక్కచట్రములో ఇమిడి ఒకప్పుడు దేశము నలుమూలల బడులకు పోయినది. కాగితపు నోటుపుస్తకము దానిని వెనుకకు నెట్టినది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచుట ఆరంభించినప్పుడు, ఈ పలకల సీమ పిల్లల చేతికి మరియొక పలక వచ్చినట్లయినది. ఈ కొత్త పలకపై వారు ఏమి గీయవలెను?

చిత్రలేఖనము నేర్పుటకు నమూనాలను ఎక్కడెక్కడి నుండియో తెచ్చుచున్నాము. ధనుర్మాసపు ఉదయమున కంభము వీధిలో నడచినచో ప్రతి వాకిట ఒక నమూనా కనబడును. అది మన దృష్టికి ఆనదు. ముగ్గునకు కర్త పేరుండదు, బడిలో మార్కులుండవు. కావున అది విద్య కాదని బాలిక నమ్ముచున్నది. నేలకు అంటించు ప్లాస్టిక్ ముగ్గులు వచ్చిన పిదప తల్లి వద్ద నేర్చుకొను అవసరము గూడ తీరిపోవుచున్నది.

ఆ విద్య ఎట్టిదో కొంచెము చూతము. ఎదురు చుక్కల ముగ్గులో 9తో మొదలిడినచో వరుసలు రెండు వైపులకు 7, 5, 3, 1గా తగ్గును. సందు చుక్కల ముగ్గులో ప్రతి చుక్కయు ముందు వరుసలోని రెండు చుక్కల నడుమకు వచ్చును. 9తో మొదలిడి 5 వచ్చువరకు పెట్టినచో మొత్తము 61 చుక్కలతో ఆరు మూలల ఆకారము ఏర్పడును.

ఒక విద్యార్థిని తల్లివద్ద నేర్చిన ఈ 61 చుక్కల ముగ్గును ఇంక్‌స్కేప్ వంటి ఉచిత సాధనముతో కంప్యూటరుపై గీయబూనినదనుకొందము. ఆరవ భాగమును మాత్రము గీసి, 60 డిగ్రీల చొప్పున త్రిప్పి ప్రతులు తీసినచో ముగ్గు పూర్తి కావలెను. కాని గీతలు చుక్కల వద్దకు చేరవు. ఏలయన, ఆమె చుక్కకు చుక్కకు 10 మిల్లీమీటర్లు, వరుసకు వరుసకు గూడ 10 మిల్లీమీటర్లు ఉంచినది. ఆరు వైపులు సమముగా రావలెనన్న వరుసల ఎడము ఇంచుమించు 8.66 మిల్లీమీటర్లు ఉండవలెను. ఇది 10వ తరగతి త్రికోణమితిలోని సైన్ 60 డిగ్రీల లెక్కయే. తల్లి ఆ పాఠము చదివి ఉండకపోవచ్చును. ఆమె కన్ను వరుసలను దగ్గరకు జరిపించును. చేతికి తెలిసినదానిని యంత్రము ప్రశ్నగా అడిగినది. దానికి సమాధానము వెదకుటలో బాలికకు కళయు, గణితమును ఒక్కసారిగా పట్టుబడును.

ముందే యంత్రమును చేతికిచ్చినచో ఈ ప్రశ్న పుట్టదు. సిద్ధముగా ఉన్న బొమ్మను తెచ్చి అతికించుటతో సరిపోవును. కంప్యూటరు వలదని నేననుట లేదు. తమిళనాటి కోలములను ఆధారము చేసికొని గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్‌లు 1974లోనే చిత్రవ్యాకరణములను గూర్చి పరిశోధనా పత్రము ప్రకటించినారు. వాకిటి ముగ్గు కంప్యూటరు శాస్త్రమునకు పాఠము కాగా లేనిది, మన బడికి పాఠము కాకూడదా?

2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8వ తరగతి వరకు గల పిల్లలు పది దినములు పుస్తకాల సంచి లేకుండ స్థానిక వృత్తికారుల వద్ద నేర్చుకొనవలెనని చెప్పినది. అందులో రెండు దినములు ముగ్గునకు కేటాయించవచ్చును. ఊరిలో చేయి తిరిగిన స్త్రీలను గురువులుగా పిలిచి, ఉపన్యాసకునికి ఇచ్చునట్లే వారికిని పారితోషికమీయవలెను. మగపిల్లలకు ముగ్గేల అని కొందరు నవ్వవచ్చును. లెక్క బాలురకు మాత్రము అక్కరలేదా? మొదట బలపముతో పలకపై, తరువాత పిండితో నేలపై, చివరకు ట్యాబుపై గీయింతము. పూర్తియైన బొమ్మ క్రింద గీసినవారి పేరుతోపాటు నేర్పినవారి పేరును వ్రాయింతము. తన తల్లి పేరు అచ్చులో చూచిన పిల్ల ఆ విద్యను చిన్నచూపు చూడదు. ఈ యేటి ధనుర్మాసమునకు ముందే ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతి ఆలోచింతురు గాక.